రెండో గాయాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ముమ్మిడివరం దగ్గర ఒక పల్లెలో ఉంటానండి. ఆర్మీలో 20 ఏళ్ళు చేసి 2000లో హవల్దార్‌గా రిటైరై వచ్చి రెండెకరాల కొబ్బరి తోట, కాస్త వరి చేను చూసుకుంటూ బతుకుతున్నాను. మీ పేపర్ మా ఇంటికి రోజూ వస్తుంది, ముందు ఉత్తరాలు చదివాకే మిగతావి చదువుతాను, కానీ నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దగానే ఉంటుంది. కొయ్యాల్సి వస్తే నా సొంత గోడు కోసెయ్యండి గానీ గాయాల రికార్డుల గురించి రాసింది మాత్రం ఉంచండి, ఆ బాధ పడుతున్నది నేనొక్కణ్ణే కాదు.

పోయిన నెల నాకు మా సర్వీసు కాగితాలుండే ఆర్మీ రికార్డ్ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నేను మూడేళ్ళుగా పెడుతున్న అర్జీకి జవాబు అది, మొత్తం రెండు లైన్లు. 1987లో తగిలిన బుల్లెట్ గాయానికి వూండ్ మెడల్ ఇచ్చేశాం, 1989లో గాయపడినట్టు మీ రికార్డులో ఎంట్రీ లేదు, అంతే. కింద సంతకం, స్టాంపు. ఆ కాగితం చదివి వరండాలో చాలాసేపు కూర్చుండిపోయాను. మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగిందట, ఎడం చెవి వైపు నిలబడి అడిగింది, నాకు వినబడలేదు. భుజం మీద చెయ్యి వేసేదాకా ఆవిడ వచ్చిందనే తెలియలేదు. నా రెండో గాయం అదేనండి.

మొదటి నుంచి చెప్తాను. 1987 జులై 29న శ్రీలంకతో ఒప్పందం జరిగాక శాంతి సేన పేరుతో మమ్మల్ని అక్కడికి పంపారు, ఐపీకేఎఫ్ అంటారు. శాంతి కోసమని వెళ్ళిన మేం అక్టోబర్‌కల్లా తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈతో పూర్తి యుద్ధంలో పడ్డాం, దానికే ఆపరేషన్ పవన్ అని పేరు. జాఫ్నా మీదకి వెళ్తున్నప్పుడు ఉరుంపిరై దగ్గర, చుట్టూ తాటిచెట్లు, అరటి తోటలు, అచ్చం మన లంకల్లో ఉన్నట్టే ఉంది ఆ నేల, అక్కడ ఒక పెంకుటింటి పైనుంచి కాల్చారు, నా ఎడం పిక్కలోంచి బుల్లెట్ ఇటు దూరి అటు వెళ్ళిపోయింది. జాఫ్నా దగ్గర పలాలీ స్థావరం నుంచి హెలికాప్టర్‌లో ఎక్కించారు, తర్వాత మద్రాసు తీసుకొచ్చారు. ఇంటికి టెలిగ్రాం వెళ్ళింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో టెలిగ్రాం అంటే చావు కబురే కదండి, పోస్ట్‌మాన్ సైకిల్ దిగకుండానే మా అమ్మ ఏడుపు మొదలుపెట్టేసిందట, వూండెడ్ అంటే దెబ్బ తగిలిందని అర్థం, పోయాడని కాదు అని పోస్ట్ మాస్టర్ గారు ఇంటికొచ్చి చెప్పేదాకా ఆపలేదట.

ఆ గాయానికి అన్నీ సరిగ్గా జరిగాయి. కళ్ళముందు రక్తం కారింది, స్ట్రెచర్ మీద మోశారు, బ్యాటిల్ క్యాజువాల్టీ, అంటే యుద్ధంలో దెబ్బతిన్నవాడు అని రాశారు, ఏ తారీకు, ఏ ఊరు, ఎవరు కాల్చారు, అన్నీ కాగితం మీదకి వచ్చాయి. తర్వాత పరాక్రమ్ పదక్ వచ్చింది, మనవాళ్ళంతా వూండ్ మెడల్ అనే అంటారు, శత్రువు చర్య వల్ల నేరుగా గాయపడిన వాళ్ళకి ఇస్తారు, యుద్ధమైనా సరే, టెర్రరిస్టుల మీద ఆపరేషన్ అయినా సరే. ఇది సాహసానికి ఇచ్చే చక్రాల్లాంటిది కాదు. నువ్వు వీరుడివని చెప్పదు, దేశం పని మీద ఉండగా నీ ఒళ్ళు తెగింది, ఆ సంగతి దేశానికి తెలుసు అని చెప్తుంది. నాకు అందుకే ఆ మెడల్ అంటే ఇష్టం. ఆగస్టు 15న స్కూల్లో జెండా ఎగరేసినప్పుడు పిలుస్తారు, అన్నిటికంటే ముందు దాన్నే తుడిచి పెట్టుకుంటాను.

నాలుగు నెలల్లో కాలు నయమైంది, మళ్ళీ యూనిట్‌కి వెళ్ళాను. 1989 మార్చిలో వవునియా నుంచి ముల్లైతీవు వైపు కాన్వాయ్ వెళ్తోంది. పొద్దున్నే రోడ్ ఓపెనింగ్ పార్టీ నడిచి చూసి క్లియర్ అని చెప్పిన రోడ్డే అది. త్రీ టన్ లారీ, అడుగున ఇసుక బస్తాలు పరిచి ఉన్నాయి, మేం రెండు పక్కలా బెంచీల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. నా ఎదురుగా రాజమండ్రి వైపు కుర్రాడు, కొత్తగా వచ్చాడు, వాళ్ళ ఊరి పుష్కరాల రేవు గురించి ఏదో చెప్తున్నాడు. వెనక చక్రం కింద మైన్ పేలింది. పేలిన చప్పుడు నాకు గుర్తు లేదండి, ఎవరు అడిగినా ఇదే చెప్తాను, చప్పుడు వినలేదు. తెల్లగా ఒక వెలుగు, తర్వాత నేను రోడ్డు పక్క గడ్డిలో బోర్లా ఉన్నాను, నోటి నిండా మట్టి. ఎంతసేపు అలా పడి ఉన్నానో తెలియదు. లేచేసరికి లోకమంతా మూగైపోయింది. లారీ పక్కకి ఒరిగి తగలబడుతోంది, మంట చప్పుడు లేదు. ఆ కుర్రాడు నా కాలరు పట్టుకుని లాగుతూ ఏదో అరుస్తున్నాడు, నోరు కదలడం కనిపిస్తోంది, మాట లేదు. నా చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటే తడిగా తగిలింది, రెండు వైపులా.

ఇద్దరు అక్కడే పోయారు. నలుగురికి కాళ్ళు చేతులు పోయే దెబ్బలు. నాకు ఒంటి మీద ఎక్కడా కన్నం పడలేదు, చిన్న చిన్న గీతలు తప్ప. కన్నం లేనివాడు ఏం చేస్తాడు, దెబ్బలు తగిలినవాళ్ళని ఎత్తుతాడు. నేనూ అదే చేశాను. హెలికాప్టర్ వచ్చింది, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారు, మిగిలినవాళ్ళం నడుచుకుంటూ క్యాంపుకి వచ్చేశాం. ఆ సాయంత్రం హెలికాప్టర్ ఎక్కినవాళ్ళ పేర్లు బ్యాటిల్ క్యాజువాల్టీ లిస్టులోకి వెళ్ళాయి. నేను ఎక్కలేదు కాబట్టి నా పేరు వెళ్ళలేదు. ఇంత చిన్న తేడా అండి, ఆ రోజు నేను కూడా కళ్ళు మూసుకుని గడ్డిలో పడుకుని ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు.

రెండు రోజులు వాంతులు, నించుంటే నేల ఒరిగిపోతున్నట్టు ఉండేది. మూడో రోజు సెక్షన్ కమాండర్ బలవంతం చేస్తే ఎమ్ఐ రూమ్‌కి, అంటే క్యాంపులో వైద్యం చేసే గదికి, వెళ్ళాను. అక్కడ నర్సింగ్ అసిస్టెంట్ ఒక్కడే ఉన్నాడు, బయట జ్వరాలవాళ్ళు లైను కట్టి ఉన్నారు, పాపం అతన్ని నేను తప్పు పట్టను. చీటీ రాసిచ్చాడు.

ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అరచేతి అంత కూడా ఉండదు, ముదురు పసుపు రంగులోకి తిరిగింది, మడత పెట్టిన చోట చిరిగి రెండు ముక్కలయ్యే స్థితిలో ఉంటే మా అమ్మాయి వెనక పల్చటి కాగితం అతికించింది. ఊదా రంగు స్టాంపు తడికి అలుక్కుపోయి గుండ్రటి మరకలా మిగిలింది, అందులో 89 అన్న అంకె మాత్రం చదవొచ్చు. చెవి నొప్పి, రెండు చెవులు అని ఇంగ్లీషులో, చుక్కల మందు పేరు, దాని కింద 3 రోజులు లైట్ డ్యూటీ. ఆ పక్కన ఇంకో గడి ఉంది, కారణం రాయాల్సింది అక్కడ. ఆ గడి ఖాళీ. 35 ఏళ్ళు దాటింది, ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. అందులో మైన్ బ్లాస్ట్ అన్న రెండు మాటలు పడి ఉంటే ఇంజురీ రిపోర్ట్ వెళ్ళేది, యూనిట్ ఆర్డర్‌లో వచ్చేది, నా రికార్డులోకి ఎక్కేది. రాయించుకోవాలని నాకూ తెలియదు. 27 ఏళ్ళవాణ్ణి, ప్రాణం ఉంది కదా చాలు అనుకున్నాను, చచ్చిపోయిన ఇద్దరిలో ఒకడితో ముందు రోజు రాత్రే ఒకే మగ్గులో టీ తాగాను, నా చెవి గురించి నేను ఎవరితో ఏం మాట్లాడతాను.

1990 మార్చిలో తిరిగొచ్చేశాం. అప్పటికే ఈ యుద్ధం ఎవరికీ ఇష్టం లేని యుద్ధం అయిపోయింది, చివరి బ్యాచ్ ఓడలో మద్రాసు రేవుకి వచ్చినప్పుడు స్వాగతానికి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి రాలేదు. వెయ్యి వంద మందికి పైగా మనవాళ్ళు అక్కడ చనిపోయారు, మూడు వేల మందికి పైగా గాయపడ్డారు. కార్గిల్‌లో 527 మంది పోయారు, 1,363 మంది గాయపడ్డారు. ఒక యుద్ధాన్ని ఇంకో యుద్ధంతో తూకం వెయ్యడం నాకు నచ్చదు, కార్గిల్ వాళ్ళు మా తమ్ముళ్ళే, అయినా ఈ అంకెలు ఎందుకు రాశానంటే కార్గిల్ పేరు చెప్తే మా ఊళ్ళో ఏడో క్లాసు పిల్లాడికి కూడా తెలుసు, ఆపరేషన్ పవన్ అంటే పెద్దవాళ్ళే ఏదైనా తుఫాను పేరా అని అడుగుతారు.

తుఫాను అంటే గుర్తొచ్చింది, అసలు చిక్కు అక్కడ కూడా ఉంది. 1996 నవంబర్ 6 రాత్రి మా కోనసీమలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోలేరు. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లు తోటలకి తోటలు కూలిపోయాయి. నేను అప్పుడు పంజాబ్‌లో డ్యూటీలో ఉన్నాను, పది రోజుల తర్వాత సెలవు దొరికి వచ్చేసరికి మా పెంకుటింటికి గోడలు రెండే మిగిలాయి. నా నల్ల ట్రంకు పెట్టె, మూత మీద నంబరు తెల్ల పెయింట్‌తో రాసినది, అది ఇంటి వెనక పంట బోదెలో తేలింది. అందులో నా సొంత డైరీలు, శ్రీలంక నుంచి రాసిన ఉత్తరాలు, మద్రాసులో తీసిన ఎక్స్‌రేలు, ఆ లారీలో మాతో వచ్చినవాళ్ళ అడ్రసులు రాసుకున్న చిన్న పుస్తకం, అన్నీ ముద్దైపోయాయి. చీటీ ఒక్కటే ఎలా మిగిలిందంటే మా ఆవిడ దాన్ని ఏదో ఆర్మీ కాగితం కదా అని పొలం దస్తావేజులతో కలిపి బిస్కెట్ డబ్బాలో పెట్టి ధాన్యం డ్రమ్ములో దాచింది. గాలి మొదలవగానే పిల్లల్ని, ఆ డబ్బాని పట్టుకుని రామాలయానికి వెళ్ళిపోయింది. ఈ రోజు నాకు సాక్ష్యం అంటూ ఏదైనా ఉందంటే అది ఆవిడ దయే.

2000లో రిటైర్ అయ్యేటప్పుడు మెడికల్ బోర్డులో చెవులు టెస్ట్ చేశారు. వినికిడి తగ్గింది అని రాశారు, 20 శాతం కంటే తక్కువ అన్నారు, సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల పెరిగింది కూడా కాదు అన్నారు. మరి ఎక్కడ నుంచి వచ్చిందండి? 1980లో కాకినాడలో భర్తీ అయినప్పుడు డాక్టర్ పది అడుగుల దూరం నుంచి గుసగుసగా అంకెలు చెప్తే అన్నీ తిరిగి చెప్పాను, అందుకే తీసుకున్నారు. 2013 జులైలో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఇదే చెప్పింది, చేరినప్పుడు ఏ జబ్బూ లేదని రాసుకున్నాక తర్వాత వస్తే అది సర్వీసు వల్ల వచ్చినట్టే అనుకోవాలి, కాదని నిరూపించే బాధ్యత సైనికుడిది కాదు అని. ఆ తీర్పు వచ్చిందని నాకు తెలియడానికే చాలా ఏళ్ళు పట్టింది. సైనికుల కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్ళమంటారు, మనకి చెన్నై బెంచ్. సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా కూర్చుని వెళ్ళి, లాయరుకి ఇచ్చి, వాయిదా పడితే మళ్ళీ వెళ్ళాలి. వినబడనివాడికి కోర్టు ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది, నా పేరు పిలిచినా నాకు తెలియదు. దానికీ సిద్ధమే గానీ ముందు ఆఫీసువాళ్ళే చూడొచ్చు కదా అని నా ఆశ.

ఇప్పుడు అమెరికా సంగతి ఎందుకు తెస్తున్నానో చెప్తాను. మా అల్లుడు డాలస్‌లో ఉంటాడు, అతని ఆఫీసులో ఒక మాజీ సైనికుడు ఉన్నాడట, ఇరాక్‌లో రెండుసార్లు బాంబు పేలుళ్ళలో పడ్డాడు, మొదటిదానికి మెడల్ వచ్చింది, రెండోదానికి రాలేదు, దాని కోసం అప్పీలు పెట్టాడని మాటల్లో చెప్పాడు. అచ్చం నా కథే అనిపించి ఫోన్లో వివరాలన్నీ అడిగాను, అల్లుడు ఓపిగ్గా గట్టిగా అరిచి చెప్పాడు, తర్వాత రాసి కూడా పంపాడు. వాళ్ళకి పర్పుల్ హార్ట్ అని ఉంది, గాయపడినవాళ్ళకి ఇచ్చేదే. 1782లో జార్జ్ వాషింగ్టన్ మొదలుపెట్టిన గుర్తుని 1932లో తిరిగి తెచ్చారు. రెండోసారి గాయపడితే అదే రిబ్బన్ మీద ఓక్ ఆకు ఆకారంలో చిన్న కంచు ముక్క పెడతారు, నేవీవాళ్ళకైతే బంగారు రంగు నక్షత్రం. మూడోసారికి ఇంకోటి. అంటే ఎవడి ఛాతీ చూసినా వాడి ఒంటి మీద ఎన్నిసార్లు దెబ్బ పడిందో లెక్క తెలుస్తుంది.

అంతకంటే నన్ను కదిలించింది ఇంకోటి. బయటికి కన్నం లేని దెబ్బని కూడా వాళ్ళు గాయం అన్నారు. పేలుడు అదురుకి మెదడు దెబ్బతింటే అది కూడా పర్పుల్ హార్ట్‌కి లెక్కే అని 2011లో రూలు స్పష్టం చేశారు, స్పృహ తప్పినా లేదా ఆ లక్షణాల వల్ల 48 గంటలకి మించి పూర్తి డ్యూటీకి పనికిరాడని డాక్టరు ఆపినా సరిపోతుంది. 2020 జనవరి 8న ఇరాన్ మిసైళ్ళు ఇరాక్‌లో అల్ అసద్ అనే అమెరికా స్థావరం మీద పడ్డాయి కదా, ముందు ఎవరికీ ఏమీ కాలేదన్నారు, రోజులు గడిచేకొద్దీ వంద మందికి పైగా మెదడు అదురు దెబ్బలు బయటపడ్డాయి. మొదట 29 మందికే మెడల్ ఇచ్చారు. మిగిలినవాళ్ళు ఊరుకోలేదు, మా కాగితాలు మళ్ళీ చూడండి అన్నారు, చూశారు, 2021 డిసెంబర్‌లో ఇంకో 39 మందికి ఇచ్చారు. ఇది చదివాక నా చీటీ మళ్ళీ తీసి చూసుకున్నాను. 3 రోజులు లైట్ డ్యూటీ. మూడు రోజులంటే 72 గంటలు.

ఇంకొక విషయం కూడా ఉంది. 1973 జులై 12న అక్కడ సెయింట్ లూయిస్ అనే ఊళ్ళో సైనికుల రికార్డులు ఉన్న బిల్డింగ్ తగలబడింది, కోటి అరవై లక్షల నుంచి కోటి ఎనభై లక్షల దాకా ఫైళ్ళు కాలిపోయాయి. కాగితం లేదు కాబట్టి నువ్వు సైనికుడివే కాదు అని వాళ్ళు అనలేదండి. జీతం రసీదులు, ఆసుపత్రి రిజిస్టర్లు, ఇంకెక్కడెక్కడో మిగిలిన కాగితాలన్నీ పోగేసి రికార్డు మళ్ళీ కడుతూ వచ్చారు, తోటి సైనికులు రాసిచ్చిన వాంగ్మూలం కూడా చూస్తారు. రికార్డులో తప్పుంటే దిద్దడానికి ప్రత్యేకంగా బోర్డులు ఉన్నాయి. వాళ్ళకి నిప్పు, మాకు తుఫాను, ఇంకొకరికి చెదలు. నా పెట్టె నీళ్ళపాలైతే అయింది గానీ యూనిట్ వార్ డైరీ అని ఒకటి ఉంటుంది కదా, ఆపరేషన్‌లో ఉన్న ప్రతి యూనిట్ రోజువారీ రాస్తుంది. ఆ రోజు ఆ రోడ్డు మీద ఏ బండి పేలింది, ఎంతమంది ఉన్నారు, అందులో ఉండి తీరాలి. ఆ రోజు పోయిన ఇద్దరి కాగితాల్లో ఉండి తీరాలి. హెలికాప్టర్‌లో వెళ్ళిన నలుగురి ఫైళ్ళలో ఉండి తీరాలి. నా పేరు నా ఫైల్లోనే వెతికితే ఎలా దొరుకుతుంది, ఆ లారీ పేరుతో వెతకండి అని నా అర్జీలో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ నా ఫైలే చూసి జవాబు ఇచ్చారు.

మా వీధిలోనే కొంతమంది అంటున్నారు, పెన్షన్ పెంచుకోడానికి మెడల్ పేరు చెప్తున్నాడని. దాచేదేమీ లేదు. మెడల్ వల్ల నాకు నెలకి రూపాయి రాదు. శత్రువు చర్య వల్ల గాయం అని రికార్డులో పడితే పెన్షన్‌లో ఏదైనా మార్పు రావొచ్చు, వస్తే తీసుకుంటాను, అది నా హక్కు, హియరింగ్ ఎయిడ్ బ్యాటరీలు ఊరికే రావు. కానీ ముందు ఆ ఖాళీ గడి నిండాలి, నాకు కావలసింది అదే. మా ఆవిడ కూడా ఈ వయసులో ఎందుకండి ఈ తిరుగుడు అంటుంది, తిడుతూనే అర్జీలన్నీ జెరాక్స్ తీయించి ఫైలు కడుతుంది. ఆవిడకి తెలుసు. 30 ఏళ్ళ పైగా నా కుడి పక్కనే నడిచిన మనిషి, ఎడం పక్కకి వస్తే మాట వృథా అని. రాత్రి పూట నా చెవుల్లో హోరు, కీచురాళ్ళు అరుస్తున్నట్టు సన్నగా, ఎప్పుడూ ఆగదు, వర్షం పడే రాత్రి మాత్రం పెంకుల మీద చినుకుల చప్పుడులో కొంచెం కలిసిపోయి నిద్ర పడుతుంది. తోటలో కొబ్బరికాయల దింపు జరిగేటప్పుడు నన్ను గట్టు దాటి రానివ్వరు, రెండేళ్ళ కింద పైనుంచి కుర్రాడు జాగర్త అని అరిచినా వినబడక గెల నా పక్కనే పడింది, జానెడు దూరం. ఫోన్లో మనవరాలు పాడిన పాట ఇంతవరకూ వినలేదు, వీడియోలో పెదాలు చూసి బాగుందమ్మా అంటాను. ఇదంతా సర్వీసు వల్ల కాదని కాగితం మీద రాసి ఉంది చూడండి, అది నన్ను ఎక్కువ బాధ పెడుతుంది.

నాలాంటివాళ్ళు మన గోదావరి జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో. మాది మొదటి నుంచీ సైన్యానికి మనుషుల్ని ఇచ్చిన నేల. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తరతరాలుగా కొడుకుల్ని పంపిన ఊరు. మా లంకల్లో, కాలవ గట్ల మీద ఊళ్ళలో కూడా సార్వా, దాళ్వా రెండు పంటలు పండినా అందరికీ పొలం చాలక ఆర్మీకి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. నాతో శ్రీలంకలో చేసిన రాజోలు వైపు నాయక్ ఒకాయన, నాకు అన్నలాంటివాడు, రెండు బ్లాస్టుల్లో ఉన్నాడు. తల దిమ్ము, చేతులు వణుకు, ఊరికే కోపం, పెళ్ళాం పిల్లలు తాగుడు వల్ల అనుకున్నారు, ఊరంతా అదే అనుకుంది. ఆయన చుక్క ముట్టేవాడు కాదు. అయిదేళ్ళ కింద పోయాడు, ఆయన ఫైల్లో కూడా ఏమీ లేదు. ఆ ఇంటికి వెళ్ళి వదినగారితో అది మందు కాదమ్మా, మైను అని నేను చెప్పాను. నా మాట నమ్మిందో లేదో నాకు తెలియదు. అదే మాట ప్రభుత్వం కాగితం మీద స్టాంపు వేసి చెప్తే నమ్మేది.

అందుకని మీ పేపర్ ద్వారా సంబంధిత అధికారులకి నా మనవి ఏంటంటే, బ్లాస్టులో ఉండి ఆ రోజు హెలికాప్టర్ ఎక్కని వాళ్ళ అర్జీలు వస్తే ఆ మనిషి ఫైలు ఒక్కటే చూసి తిప్పి పంపెయ్యకండి, ఆ రోజు వార్ డైరీ తియ్యండి, తోటివాళ్ళ కాగితాలతో కలిపి చూడండి, బతికున్న సాక్షుల మాట రాతపూర్వకంగా తీసుకోండి. చెవి, తల, లోపలి దెబ్బని కూడా గాయం కింద చూడండి. ఒకసారి మెడల్ ఇచ్చాం కదా అనేది జవాబు కాదు, రెండోసారి గాయపడితే దాన్ని ఎలా గుర్తిస్తారో, గుర్తించకపోతే ఎందుకో, ఆ సంగతి తేటగా రాసి పంపండి. మా వయసు 60 దాటింది, కొందరికి 70 దాటింది, సాక్షులు ఒక్కొక్కరే పోతున్నారు, ఇంకో పదేళ్ళు ఆగితే అడిగేవాళ్ళూ ఉండరు, చెప్పేవాళ్ళూ ఉండరు. మాజీ సైనికుల పనులు చూసే జిల్లా ఆఫీసుల్లో వారానికి ఒక రోజైనా ఈ కాగితాలు తెలిసిన మనిషిని కూర్చోబెడితే చాలామందికి మేలు జరుగుతుంది, అర్జీ ఎవరికి రాయాలో తెలియకే మానేసినవాళ్ళు నాకు తెలిసి ముగ్గురున్నారు.

2019 ఫిబ్రవరిలో ఢిల్లీలో నేషనల్ వార్ మెమోరియల్ తెరిచారు, స్వాతంత్ర్యం వచ్చాక ప్రాణాలిచ్చిన సైనికుల పేర్లు రాతి మీద చెక్కారు, ఆపరేషన్ పవన్‌లో పోయినవాళ్ళవి కూడా. కిందటి చలికాలం అమ్మాయి తీసుకెళ్ళింది. ఆ లారీలో పోయిన ఇద్దరి పేర్లూ వెతుక్కుని వేలు పెట్టి చదివాను. వాళ్ళు ఎలా పోయారో అక్కడ రికార్డు ఉంది. అదే లారీలో అదే నిమిషంలో అదే మైను మీద నేను కూడా ఉన్నాను.

చివరిగా ఒక మాట, ఇది అధికారులకి కాదు. 1989 మార్చిలో వవునియా రోడ్డు మీద ఆ త్రీ టన్‌లో నా ఎదురు బెంచీ మీద కూర్చున్న రాజమండ్రి వైపు తమ్ముడికి. నీ అడ్రసు ఉన్న పుస్తకం తుఫానులో పోయింది, రెండుసార్లు రాజమండ్రి వచ్చి తెలిసినవాళ్ళందరినీ అడిగాను, దొరకలేదు. ఇది చదివితే, లేదా నీకు తెలిసినవాళ్ళెవరైనా చదివి చెప్తే, ఈ పేపర్ ఆఫీసుకి ఒక కార్డు ముక్క రాయి. నువ్వు చూసింది చూసినట్టు రెండు లైన్లు రాసిస్తే నా అర్జీతో పెడతాను. నీ చెవులు కూడా ఎలా ఉన్నాయో రాయి, నీకూ అర్జీ పెడదాం. నన్ను కాలరు పట్టి లాగుతూ ఏదో అరిచావు చూడు, నాకు నీ నోరు కదలడం మాత్రమే కనిపించింది. ఆ రోజు ఏం చెప్పావో అది కూడా రాయి తమ్ముడూ.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్,
ముమ్మిడివరం దగ్గర, కోనసీమ